కొసరు ఇవ్వని పూల తివాచీకి

బ్రస్సెల్స్ పూల తివాచీకి,

తిరుపతి తీర్థకట్ట వీధి నుంచి ఒక ఇల్లాలు రాసుకున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు బతికేదే రెండేళ్లకోసారి, అదీ ఆగస్టు నడుమ నాలుగు రోజులు కాబట్టి నీ క్షేమం అడగడం దండగ. నేరుగా విషయానికొస్తాను. నీ వల్ల నాకు నష్టం జరిగింది. ఏం నష్టమో చివర్లో చెప్తాను. ఇప్పుడే చెబితే ఇంతేనా అని ఉత్తరం మడిచి పక్కన పెట్టేస్తావు.

2018లో మావాడి దగ్గరికి వచ్చినప్పుడు నిన్ను చూశాను. "అమ్మా, ఊరి నడుమ పెద్ద కూడలి గ్రాండ్ ప్లాస్‌లో పూల పండగ" అన్నాడు. నవ్వొచ్చింది. కార్తీకంలో శ్రవణా నక్షత్రం నాడు స్వామివారి పుష్పయాగానికి టన్నుల లెక్కన పూలు కొండెక్కే ఊరు మాది. పూల సంగతి నాకు చెప్తాడా?

దారి పొడవునా సందుల పేర్లు తెలుగు చేసి చెప్తూ వచ్చాడు. ఒకటి వెన్న వీధి, ఒకటి చేపల వీధి. గ్రాండ్ ప్లాస్‌కి అక్కడివాళ్ల ఇంకో భాషలో ఉన్న పేరుకైతే పెద్ద బజారనే అర్థమట. 1695లో ఫ్రెంచి సైన్యం ఫిరంగులతో ఆ బజారును బూడిద చేస్తే, వ్యాపార సంఘాలవాళ్లు కొద్ది ఏళ్లలోనే మళ్లీ లేపి నిలబెట్టారట. మా ఇంటి దగ్గర కాలువ మీద చిన్న కల్వర్టుకి పట్టిన కాలం గుర్తొచ్చి నేనేమీ మాట్లాడలేదు.

మలుపు తిరిగేసరికి నువ్వు. పొడవు 75 మీటర్లు, వెడల్పు 24. మా లెక్కలో 44 సెంట్లు! తల్లీ, తిరుపతి నడిబొడ్డున 44 సెంట్ల జాగాలో ఉత్త పూలు పరిచి చూస్తూ కూర్చునేవాణ్ని మావాళ్లు ఆసుపత్రికి తీసుకుపోతారు. ఇక్కడైతే ఈపాటికి కల్యాణ మండపం, దాని మీద లాడ్జి, లాడ్జి మీద సెల్ టవర్ లేచేవి.

నీ తయారీ గురించి విన్నాక కొంచెం మెత్తబడ్డానని ఒప్పుకోవాలి. ముందు నేల మీద ముగ్గు అచ్చు వేసిన ప్లాస్టిక్ షీటు పరుస్తారట. వందమందికి పైగా స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని, కాడలు తీసేసిన బిగోనియా పూలను పక్కపక్కనే కుక్కుకుంటూ పోతారట. చదరపు మీటరుకి మూడు వందల పూలు. జిగురు లేదు, మేకు లేదు. ఎంత ఒత్తుగా పెడతారంటే గాలి దూరే సందుండదు, అందుకే ఒక్కటీ ఎగరదు. 1971లో మొదలై, 1986 నుంచి రెండేళ్లకోసారి ఇదే పని. నేను చూసిన ఏడు డేలియాలు కూడా కలిపి, ఐదు లక్షల పైచిలుకు పూలతో మెక్సికో ముగ్గు వేశారు. బాగుంది, కాదనను. కానీ మా వీధిలో తెల్లారి ఐదింటికి నీళ్లు చల్లి, పిండి డబ్బా చంకన పెట్టుకుని ఇరవై ఒక్క చుక్క పెట్టే ఆడవాళ్ల కోసం ఎవరూ టికెట్ పెట్టరు. ఏడున్నరకి స్కూలు ఆటో దాని మీదుగానే పోతుంది.

నీకు టికెట్ ఉంది. టౌన్ హాల్ బాల్కనీ నుంచి చూడాలంటే కొనాలి, క్యూ కట్టాలి. క్యూ చూడగానే ప్రాణం లేచొచ్చింది. మూడు వందల రూపాయల దర్శనంలో ఆరితేరిన మనిషిని కదా, పులిహోర డబ్బాతో సహా సిద్ధంగా ఉన్నాను. తీరా అరగంటలో బాల్కనీలో ఉన్నాను. వెనక నుంచి "జరగండమ్మా, జరగండి" అని భుజం మీద చెయ్యేసేవాళ్లెవరూ లేరు. ఎంతసేపైనా చూడొచ్చట. అలా వదిలేస్తే ఎలా చూడాలో నాకు తెలీదు. రెండు నిమిషాలయ్యేసరికి నాకు నేనే జరిగాను.

కిందికొచ్చాక అడ్డకమ్మీ పక్కన విడిపోయిన పువ్వొకటి దొరికింది. నారింజ రంగు, అరచేయంత. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన లేదు! ఐదు లక్షల పూల పక్కన నిలబడితే నాకు తగిలింది ఎవరో తింటున్న వేఫుల్ వాసన. సరే, జడలో పెట్టుకుందామని చెయ్యి పైకి లేచింది. కాడ లేదు, ఎక్కడ దోపను? అంతలో ఇంకో భయం. కొండ మీద పూలన్నీ స్వామివే, ఆడవాళ్లం జడలో పెట్టుకోం. ఇక్కడ కూడా అలాంటి ఆచారముందేమో! ఇంతకీ ఈ పూలు ఎవరివని చుట్టూ చూశాను. టౌన్ హాల్ 96 మీటర్ల బురుజు కొసన దేవదూత సెయింట్ మైకేల్ బొమ్మ రూపంలో ఉన్నాడు. కాలి కింద రాక్షసుణ్ని తొక్కే పనిలో ఉన్నాడు పాపం, పూల వైపు చూసే తీరిక లేదు.

అప్పుడర్థమైంది నాకు నీ మీద కోపమెందుకో. మా దగ్గర పువ్వుకి చేతి నిండా పని. స్వామి మెడలో ఉండాలి, పెళ్లికూతురి జడలో ఉండాలి, శవం మీద ఉండాలి, ఆయుధపూజ నాడు లారీ ముందర ఊగాలి. స్వామికి వాడిన పూలు ఒకప్పుడు పూలబావిలో వేసేవాళ్లు, 2021 నుంచి వాటితోనూ అగరబత్తులు చేస్తున్నారు. మా దగ్గర వాడిపోయిన పువ్వుకి కూడా రిటైర్మెంటు లేదు. నువ్వేమో వెల్లకిలా పడుకుని చూపించుకుంటావు, అంతే. జనం దానికే నోరు మూసుకుని నిలబడతారు. నిజం చెప్పొద్దూ, నేనూ నిలబడ్డాను.

ఇక నష్టం సంగతి. ఊరికి తిరిగొచ్చాక మా పూలామెకి ఫోన్లో నీ ఫొటోలు చూపించాను. ఇరవై ఏళ్లుగా నాకు మల్లెలు ఇచ్చేది ఆవిడే. మూర కొలిచేటప్పుడు మోచేతి నుంచి మొదలుపెట్టి, చివర్లో వేళ్లు కొంచెం లోపలికి ముడుస్తుంది. అది నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. అందుకే చివర్లో జానెడు కొసరు వేసేది. లెక్క సరిపోయేది.

ఫొటో రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది. "ఎన్నుంటాయమ్మా?" అంది. ఐదు లక్షలన్నాను. "అన్నీ నేల మీదేనా?" అంది. అవునన్నాను. మూర కొలిచి, వేళ్లు ఎప్పట్లాగే ముడిచి, తెంపి ఆకులో చుట్టి చేతిలో పెట్టింది.

"కొసరేదీ?" అన్నాను.

"ఐదు లక్షల పూలు చూసొచ్చినారు కదమ్మా, ఇంకా కొసరెందుకు?"

అప్పట్నుంచి ఈ రోజు దాకా జానెడు దారం కూడా ఎక్కువ పడలేదు. ఈసారి నిన్ను పరిచేటప్పుడు ఆ లెక్క చూసి పంపించు. కాడలతో సహా.

ఇట్లు,
మూరకి మూరే దక్కుతున్న ఒక తిరుపతి ఇల్లాలు