మీ ఆల్‌బుకారా పళ్లు మీకే

స్నేహితుడు గీసిన బొమ్మ నచ్చకపోతే ఏం చేయాలి? "సూపర్ బ్రదర్" అని కామెంట్ పెట్టి ఊరుకోవడం మన పద్ధతి. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుడు ఎద్వార్ మానే మాత్రం, తోటి చిత్రకారుడు ఎద్గార్ దెగా గీసిన బొమ్మను కోసేశాడు. కళావిమర్శలో ఇంతకు మించి నిజాయితీ గల రివ్యూ నాకు కనబడలేదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

2023లో పారిస్‌లోని ఓర్సే మ్యూజియం, ఆ తర్వాత న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 'మానే/దెగా' అని ఒక ప్రదర్శన పెట్టాయి. రెండు పేర్ల మధ్య ఒక ఏటవాలు గీత. 'మరియు' అంటే పెళ్లి శుభలేఖలా ఉంటుంది, 'వర్సెస్' అంటే కుస్తీ పోటీ అనుకుంటారు. గీత పెట్టేస్తే ఏ గొడవా లేదు. క్యూరేటర్ల లౌక్యానికి దండం పెట్టాలి.

ఇద్దరూ 1860ల మొదట్లో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో కలిశారంటారు. దెగా అక్కడ పాత స్పానిష్ చిత్రకారుడు వెలాస్కెత్ బొమ్మను చూస్తూ, కాగితంతో పనిలేకుండా నేరుగా అచ్చు తీసే రాగిరేకు మీదే గీకేస్తున్నాడట. ఆ తెగువకి మానే నోరెళ్లబెట్టాడట. అక్కడ మొదలైంది. ఆ తర్వాత దెగా మానేను పదే పదే గీశాడు. మానే గీసిన దెగా పోర్ట్రెయిట్ ఒక్కటీ లేదు. ఎప్పుడూ ఒకవైపు నుంచే ఫోన్ వెళ్లే స్నేహాలు మనకీ తెలిసినవే కదా.

ఇక అసలు కేసు. 1868-69 ప్రాంతంలో దెగా మానే దంపతుల్ని గీశాడు. భార్య సుజాన్ పియానో వాయిస్తోంది. ఆవిడ ఒకప్పుడు మానే ఇంటికి పియానో నేర్పడానికి వచ్చిన డచ్చి అమ్మాయి, వాయిద్యం బాగా వచ్చినావిడ. వెనక సోఫాలో మానే కాలు పైకి ముడుచుకుని కూలబడ్డాడు. చుట్టాలింట్లో పిల్లల పాట వింటూ ప్లేటులో జంతికల వైపు చూసే వాళ్ల మొహమే అది. అంత విసుగు పట్టిన తన మొహాన్ని మానే ముట్టుకోలేదు. భార్య మొహం ఉన్న వైపు కోసేశాడు. ఎందుకంటే, ఇదీ కారణమని తేల్చి చెప్పగలిగిన వాళ్లు లేరు. ఆవిడ ఏమనుకుందో అడిగిన వాళ్లూ ఉన్నట్టు లేదు.

కోతపడ్డ బొమ్మను మానే ఇంట్లో చూసిన దెగా, దాన్ని చంకన పెట్టుకుని చెప్పా పెట్టకుండా ఇంటికి వెళ్లిపోయాడు. మానే ఇచ్చిన ఆల్‌బుకారా పళ్ల చిన్న బొమ్మను గోడ మీంచి దించి, "అయ్యా, మీ ఆల్‌బుకారా పళ్లు మీకు పంపిస్తున్నాను" అని చీటీ రాసి పంపాడు. దెగాయే ఈ కథను ఆర్ట్ డీలర్ వొల్లార్‌కి చెప్పుకున్నాడు. మళ్లీ కలిశారా అంటే, మానేతో ఎన్నాళ్లని మాట్లాడకుండా ఉంటాం అన్నాడట. కలిశారు. కానీ ఈలోగా మానే ఆ పళ్లను అమ్మేశాడు.

మానే 1883లో పోయాడు. మెక్సికో చక్రవర్తిని కాల్చి చంపడంపై ఆయన గీసిన 'మాక్సిమిలియన్ మరణశిక్ష' బొమ్మ ముక్కలై తలో చోటికీ చేరితే, దెగా వెతికి వెతికి కొన్నాడు. దొరికిన ముక్కలన్నీ ఒకే కాన్వాస్ మీద అతికించాడు. ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

కోతపడ్డ తన బొమ్మకీ దెగా ఓ ఖాళీ కాన్వాస్ ముక్క అతికించాడు, సుజాన్‌ని మళ్లీ వేద్దామని. జపాన్‌లోని కితాక్యూషూ నుంచి ఆ బొమ్మ ప్రదర్శనకు వచ్చింది. ఒక అంచున మానే విసుగు భద్రంగా ఉంది. రెండో అంచున ఖాళీ గుడ్డ. పాపం, దెగా 1917 దాకా బతికాడు, తీరికే దొరకలేదు.