ప్యాచ్ వచ్చింది, వేసేదెవరు?

వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద లోపం బయటపడిందంటే మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో ఆ వారం సెలవులు రద్దవుతాయి. అదే లోపం ఒక మున్సిపాలిటీ వెబ్‌సైటు నడిచే సర్వర్‌లో ఉంటే ఎవరి సెలవూ రద్దు కాదు. అది ఫలానావారి బాధ్యత అని చెప్పగలిగేవాళ్లే ఉండరు కాబట్టి. అమెరికా బ్యాంకుల సర్వర్లకు రాత్రి షిఫ్టుల్లో ప్యాచ్‌లు (లోపాలను సరిచేసే అప్‌డేట్లు) వేసి తెల్లారి క్యాబ్ ఎక్కే ఇంజినీర్లున్న ఊరు ఇది. తమ ఇంటి పన్ను వివరాలు, తల్లిదండ్రుల ల్యాబ్ రిపోర్టులు ఉన్న సర్వర్‌ను ఎవరు చూస్తున్నారో ఆ ఇంజినీర్లకూ తెలియదు. హైదరాబాద్‌లో ఈ పని తెలిసినవాళ్లకు కొదవ లేదు. ఇది నీ పని అని పేరు పెట్టి అప్పగించేవాళ్లు లేరు. మా ఫిర్యాదు దాని మీదే.

సమస్య ఎలా పుడుతుందో, ఎలా సర్దుకుంటుందో చూడటానికి 2021 నాటి అపాచీ ఉదంతం బాగా పనికొస్తుంది. అపాచీ వెబ్ సర్వర్ 1995 నుంచి ఉచితంగా దొరుకుతోంది. బ్రౌజర్ అడిగిన ఫైలును వెతికి పంపడం దాని పని. బయటివాళ్లు చూడదగ్గ ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో ఉంటాయి, ఆ గీత దాటి ఎవరూ వెళ్లకూడదు. ఫైలు అడ్రసులో వరుసగా రెండు చుక్కలు పెడితే 'ఒక మెట్టు పైకి వెళ్లు' అని అర్థం. అలా పైకెళ్లి వేరే ఫోల్డర్‌లోకి దిగబోయేవాళ్లను సర్వర్ గుర్తుపట్టి ఆపాలి. 2021 సెప్టెంబర్‌లో విడుదలైన 2.4.49 వెర్షన్‌లో, అడ్రసులను సరిచూసే భాగాన్ని తిరగరాశారు. అక్కడే పొరపాటు దొర్లింది. చుక్కను చుక్కగానే కాక, శాతం గుర్తుతో మొదలయ్యే సంకేతంగానూ (%2e) రాయొచ్చు. మొదటి చుక్కను మామూలుగా, రెండోదాన్ని సంకేతంగా రాస్తే తనిఖీ దాన్ని పట్టుకోలేదు.

ఇంతే లోపం. కానీ దాని ద్వారా సర్వర్‌లోని వేరే ఫైళ్లు చదవొచ్చు. సర్వర్‌లో సీజీఐ స్క్రిప్టులను (సర్వర్ మీదే నడిచే చిన్న ప్రోగ్రాములను) నడిపే సదుపాయం కూడా ఆన్ చేసి ఉంటే, చదవడం దాటి తమకు కావాల్సిన కమాండ్లనే నడపొచ్చు. అంటే యంత్రం పరాయివాడి చేతికి వెళ్లినట్టే.

బయటి పరిశోధకులు సెప్టెంబర్ 29న ఈ విషయాన్ని అపాచీ బృందానికి చెప్పారు. అక్టోబర్ 4న 2.4.50 వచ్చింది. ఐదు రోజుల్లో సర్దారు, మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ సర్దుబాటు సగమే. సంకేతంలోని అంకెను, అక్షరాన్ని కూడా మళ్లీ సంకేతాలుగా మార్చి రాస్తే పాత దారి తెరుచుకుంటోందని వెంటనే తేలింది. అక్టోబర్ 7న 2.4.51 విడుదల చేయాల్సి వచ్చింది. 4వ తేదీన అప్‌డేట్ చేసి హమ్మయ్య అనుకున్నవాళ్లు మూడు రోజులకే మళ్లీ అదే పనికి కూర్చున్నారు. ఇల్లు అలకగానే పండగ కాదన్న సామెత సర్వర్ అడ్మిన్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. అపాచీ సెట్టింగ్స్‌లో 'రిక్వైర్ ఆల్ డినైడ్' అనే వాక్యం ఉంటుంది. ప్రత్యేకంగా అనుమతి ఇచ్చిన ఫోల్డర్లు తప్ప మిగతావన్నీ మూసి ఉంచమని దాని అర్థం. ఆ వాక్యం యథాతథంగా ఉన్న సర్వర్లలో ఈ దాడి పారలేదు. ఎవరైతే ఏదో సైటు తెరుచుకోవడం లేదని, డెడ్‌లైన్ టెన్షన్‌లో, దాన్ని 'గ్రాంటెడ్' అని మార్చి, పని అయ్యాక వెనక్కి మార్చడం మరిచారో వాళ్లే దొరికిపోయారు. 'ప్రస్తుతానికి ఇలా కానిద్దాం, తర్వాత చూద్దాం' అనే మాట మన ఆఫీసుల్లో ఎన్ని సర్వర్లలో అలాగే ఉండిపోయిందో లెక్క తీసేవాళ్లు లేరు.

అప్పట్లో ఇంకో వాదనా వినిపించింది. లోపం కొత్త వెర్షన్‌లోనే ఉంది, అప్‌డేట్ చేయకుండా పాతదాంతో ఉన్నవాళ్లు బతికిపోయారు కదా అని. వినడానికి బాగుంటుంది. 2.4.48లో, అంతకు ముందువాటిలో ఉన్న మరో తీవ్రమైన లోపాన్ని 2.4.49లోనే సరిచేశారు. ప్రాక్సీగా, అంటే బయటి రిక్వెస్టులను లోపలి యంత్రాలకు చేరవేసే మధ్యవర్తిగా పనిచేసే సర్వర్‌ను మోసగించి, దాని చేత తమకు నచ్చిన యంత్రాలకు రిక్వెస్టులు పంపించే లోపం అది. దాన్ని వాడి దాడులు కూడా జరిగాయి. పాతదాన్ని ముట్టుకోకుండా కూర్చున్నవాళ్లకు భద్రత దక్కలేదు, వాళ్లకున్న ప్రమాదం వేరు, అంతే.

ప్యాచ్ వేయడం కూడా అప్‌డేట్ బటన్ నొక్కడంతో తీరదు. 2014 ఏప్రిల్ 7న బయటపడిన హార్ట్‌బ్లీడ్‌ను తీసుకోండి. వెబ్ సర్వర్లు సమాచారాన్ని రహస్యలిపిలో పంపడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఆ లోపం రెండేళ్లపాటు దాగి ఉంది. అవతలివాడు అడిగిన ప్రతిసారీ సర్వర్ తన మెమరీలోంచి 64 కిలోబైట్ల దాకా బయటపెట్టేది. అందులో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు, సర్వర్ రహస్య తాళమే ఉండొచ్చు. పైగా మామూలు లాగ్‌లలో (సర్వర్ తన పనులను రాసుకునే చిట్టాల్లో) దాని జాడ మిగలదు. కొత్త వెర్షన్ వేసినా, పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌నే మెమరీలో పెట్టుకుని నడుస్తున్న సర్వీసును రీస్టార్ట్ చేయకపోతే ప్రయోజనం లేదు. రీస్టార్ట్ చేసినా, అంతకుముందే తాళం చోరీ అయి ఉంటే కొత్త తాళం, కొత్త సర్టిఫికెట్ తీసుకోవాలి, పాతదాన్ని రద్దు చేయించాలి, ఆపైన యూజర్లతో పాస్‌వర్డ్‌లు మార్పించాలి. రెండో సగం చేయకుండా వదిలేసిన సంస్థలు ప్రపంచమంతా ఉన్నాయి. అన్నట్టు, సగం ఇంటర్నెట్ ఆధారపడిన ఆ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు అప్పట్లో ఏటా వచ్చిన విరాళాలు సుమారు 2,000 డాలర్లు. ఉచిత సాఫ్ట్‌వేర్ మీద కోట్లు గడిస్తున్న కంపెనీలు, మన నగరంలోనివి కూడా, ఈ అంకెను ఒకసారి చూసుకుంటే మంచిది.

వెర్షన్ నంబరు చూసి తీర్పు చెప్పడమూ కుదరదు. సర్వర్లను నడిపే ఉబుంటు, రెడ్‌హ్యాట్ వంటి లినక్స్ వ్యవస్థలు పాత వెర్షన్ నంబరును అలాగే ఉంచి, లోపలి తప్పును మాత్రం సరిచేసి పంపుతుంటాయి. నంబరు పాతది కదా అని గాభరా పడి కొత్తది తెచ్చి అతికిస్తే ఉన్న సైటు కూలిపోవచ్చు. నంబరు కొత్తది కదా అని ఊరుకుంటే 2.4.50 వేసుకున్నవాళ్ల గతి పట్టొచ్చు. అందుకే ఇది చెక్‌లిస్టు చూసి టిక్కులు పెట్టే పని కాదు, ఆ సర్వర్ గురించి తెలిసిన మనిషి చేయాల్సిన పని.

ఆ మనిషి ఎవరో తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఈక్విఫాక్స్ కంపెనీ కథ చాలు. వెబ్ అప్లికేషన్లు కట్టడానికి వాడే అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోని లోపానికి 2017 మార్చి 7న ప్యాచ్ వచ్చింది. అమెరికన్ల అప్పుల చరిత్ర మొత్తం దాచుకునే ఆ కంపెనీలో, ప్యాచ్ వేయమంటూ అంతర్గతంగా నోటీసు కూడా వెళ్లింది. కానీ ఎవరెవరికి పంపాలన్న జాబితా పాతది. వేయాల్సినవాళ్లకు అది చేరలేదని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ తర్వాత తేల్చింది. మే నుంచి జులై దాకా దొంగలు లోపలే ఉండి, సుమారు 14.7 కోట్లమంది వివరాలు పట్టుకుపోయారు. అంత పెద్ద కంపెనీ దెబ్బతిన్న కారణాల్లో ఒకటి ఈ-మెయిల్ అడ్రసుల పట్టిక అంటే నమ్మబుద్ధి కాదు.

మన దగ్గర పట్టిక పాతదై ఉండటం కాదు, పట్టికే ఉండదు. ఒక శాఖ వెబ్‌సైటు కోసం టెండర్ పిలుస్తుంది. తక్కువకు కోట్ చేసిన సంస్థకు పని దక్కుతుంది. సైటు ప్రారంభిస్తారు, ఫొటోలు దిగుతారు, బిల్లు పాసవుతుంది. ఏడాదో రెండేళ్లో ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) ఉంటుంది, అందులో 'సపోర్టు' అంటే పేజీలో మంత్రిగారి ఫొటో మార్చడమే. తర్వాత ఏఎంసీ రెన్యువల్ ఫైలు ఏదో టేబుల్ మీద ఆగుతుంది. సర్వర్ పాస్‌వర్డ్ తెలిసిన కుర్రాడు అప్పటికే ఉద్యోగం మారిపోయి ఉంటాడు. సైటు మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. పనిచేస్తోంది కదా, కదిలించొద్దు అంటారు. స్టేట్ డేటా సెంటర్‌లో ఉందిగా అని శాఖ అంటుంది. డేటా సెంటర్ యంత్రాన్ని, కరెంటును, నెట్‌వర్క్‌ను చూస్తుంది. దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్ సంగతి శాఖ చూసుకోవాలని వాళ్లంటారు. ప్రైవేటు ఆసుపత్రులు, ఇంజినీరింగ్ కాలేజీల తీరు ఇంతకన్నా మెరుగ్గా ఉందనుకోవడానికి మాకు కారణాలు కనబడటం లేదు. పోలీసు శాఖే దీనికి అతీతం కాదు. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటా లీకై, ఆ కేసులో ఒక యువకుణ్ని అరెస్టు చేయాల్సి వచ్చింది.

చట్టాలు లేక కాదు. సైబర్ దాడి జరిగిందని గమనించిన ఆరు గంటల్లో తమకు చెప్పాలని, లాగ్‌లను 180 రోజులు దాచాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. గమనించేవాళ్లు ఉంటే కదా ఆరు గంటల గడియారం మొదలయ్యేది! 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మరింత సూటిగా ఉంది. భద్రతలో విఫలమైతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని అందులో రాశారు. ఆ బాధ్యత డేటా సేకరించినవాళ్లదే, సైటు కట్టిచ్చిన వెండర్‌ది కాదు. 'అది మా వెండర్ చూసుకుంటాడు' అనే జవాబు ఇక చెల్లదని మన కాలేజీ యాజమాన్యాలకు ఎంతమంది లాయర్లు చెప్పారో!

మరో అడ్డంకి గురించి కూడా చెప్పాలి. అపాచీ లోపాన్ని బయటివాళ్లు కనిపెట్టి చెప్పారు కనుకే ఐదు రోజుల్లో ప్యాచ్ వచ్చింది. హైదరాబాద్‌లో ఒక ఇంజినీరింగ్ విద్యార్థికి ఏదైనా ప్రభుత్వ సైటులో తలుపు తెరిచి ఉన్నట్టు కనిపించిందనుకుందాం. చెప్పడానికి భయపడతాడు. అనుమతి లేకుండా, మోసపూరితంగా కంప్యూటర్‌లోకి చొరబడితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. దొంగకూ, తలుపు తెరిచి ఉందని చెప్పడానికి వచ్చినవాడికీ తేడా చూసే విధానం రాష్ట్రం రాసిపెట్టలేదంటే ఆ కుర్రాడు నోరు మూసుకోవడమే తెలివి అనుకుంటాడు. ఆ తలుపును రేపు వేరేవాడు చూస్తాడు, వాడు చెప్పడు.

రాష్ట్ర ఐటీ శాఖ చేయాల్సింది ఖరీదైనదేమీ కాదు. కొత్త వార్ రూమ్‌లు, డ్యాష్‌బోర్డులు మాకు అక్కర్లేదు. ప్రతి శాఖ, కార్పొరేషన్, విశ్వవిద్యాలయం తమ పేరున నడుస్తున్న సైట్లన్నీ, అవి ఏ సాఫ్ట్‌వేర్ మీద ఉన్నాయో, దాన్ని చూసే అధికారి పేరు, ఫోన్ నంబరుతో సహా నెల రోజుల్లో రాసి ఇవ్వాలని ఒక సర్క్యులర్ పంపాలి. ఆ అధికారి బదిలీ అయితే అదే రోజు పేరు మారాలి. ఎవరూ తమది అని చెప్పని సైట్లను మూసేయాలి. మూసేశాక ఎవరైనా వచ్చి గోల చేస్తే, దాని యజమాని దొరికినట్టే. ఇకపై ఏ వెబ్‌సైటు టెండరులోనైనా నిర్మాణ ఖర్చుకు పక్కనే, ఆ సైటు బతికున్నంత కాలం ప్యాచ్‌లు వేయడానికి అయ్యే ఖర్చు వేరే పద్దుగా కనిపించాలి. ఆ గడి ఖాళీగా ఉన్న టెండరును ఆర్థిక శాఖ తిప్పి పంపాలి.