ర్యామ్ అడిగేవాళ్లను నమ్మకండి

సర్వర్ కొటేషన్‌లో 1 టెరాబైట్ డిస్కు అని కనబడితే సంతకం పెట్టే చేతికి ఊపొస్తుంది. ర్యామ్ దగ్గరకొచ్చేసరికి అదే చెయ్యి ఆగిపోయి, "4 జీబీ చాలదా?" అంటుంది. ఈ పొదుపు బుద్ధిని లోకం అపార్థం చేసుకుంటోంది కాబట్టి నాలుగు మాటలు చెప్పక తప్పడం లేదు.

స్క్విడ్ అనేది ప్రాక్సీ, అంటే నెట్‌కూ మనకూ మధ్య నిలబడి, ఒకసారి తెచ్చిన ఫైళ్లను మళ్లీ అడిగితే ఇవ్వడానికి డిస్కులో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్. ఆ దాచిన సరుకే క్యాష్. దీన్ని నడిపేవాళ్ల దగ్గర ఒక లెక్క ఉంది. 64 బిట్ సర్వర్‌లో డిస్కు క్యాష్ ప్రతి 1 జీబీకి సుమారు 14 ఎంబీ ర్యామ్ కావాలట. పాత 32 బిట్ రోజుల్లో 10 ఎంబీతోనే సర్దుకుపోయేది. ఈ లెక్కన టెరాబైట్‌కు 14 జీబీ! ఎందుకయ్యా అంటే, డిస్కులో దాచిన ప్రతి ఫైలు వివరమూ మెమరీలోని ఇండెక్స్‌లో ఉండాలంటారు. సగటు ఫైలు 13 కేబీ అనుకుంటే టెరాబైట్‌లో దాదాపు 8 కోట్ల ఫైళ్లు పడతాయి. ఒక్కోదానికి ఖర్చయ్యేది 180 బైట్లు. ఇంత చిల్లరకు అంత బిల్లా?

స్క్విడ్ సెట్టింగుల్లో క్యాష్_మెమ్ అని ఇంకో పద్దుంది, ఫైళ్లను ర్యామ్‌లోనే దాచుకోవడానికి ఇచ్చే చోటు. మనం ముట్టుకోకపోతే 256 ఎంబీ. స్క్విడ్ తినే మెమరీ మొత్తం ఇంతేనని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఇండెక్స్, కనెక్షన్ల బఫర్లు దీనికి అదనమని చెప్పి వాళ్ల నిద్ర చెడగొట్టడం మర్యాద కాదు.

ర్యామ్ చాలకపోతే ఇండెక్స్ స్వాప్‌లోకి, అంటే మళ్లీ డిస్కు మీదికే పోతుంది. అప్పుడు ఒక ఫైలు డిస్కులో ఉందో లేదో డిస్కునే అడిగి తెలుసుకోవాలి. నెట్ నత్తనడక నడుస్తుంది, నిజమే. కానీ అంత డబ్బు పోసి కొన్న డిస్కుకు చేతినిండా పని దొరికిందా లేదా?

డిస్కులో క్యాష్‌కు ఎంత చోటివ్వాలో చెప్పే క్యాష్_డిర్ లైన్‌లో 100 జీబీ అని రాసుకుంటే ఇండెక్స్ 1.4 జీబీతో తేలిపోతుందని ఇంజనీర్ల సలహా. మిగిలిన 900 జీబీని ఏం చేసుకోవాలి, దండ వేసి పూజించాలా?

అసలు విశేషం ఇప్పుడు చెబుతాను. నేటి ట్రాఫిక్‌లో అత్యధికం హెచ్‌టీటీపీఎస్, అంటే దారిలో ఎవరూ చదవకుండా తాళం వేసి పంపేది. ప్రత్యేకంగా విప్పి చూసే ఏర్పాటు ఉంటే తప్ప, అందులో ఏముందో స్క్విడ్‌కు కనబడదు. కనబడనిదాన్ని దాచలేదు. ఆ 8 కోట్ల ఫైళ్లు రానే రావు, ఇండెక్స్ పెరగనే పెరగదు, 4 జీబీలో ఇంకా చోటు మిగులుతుంది. 14 జీబీ అడిగిన ఇంజనీర్‌ను పిలిచి సంజాయిషీ తీసుకోవాలి. పనిలో పనిగా, వచ్చే ఏడాదికి 2 టెరాబైట్ల డిస్కు కోసం ప్రతిపాదన కూడా రాయించాలి.