తలుపు పట్టని నీలి గుర్రం

ఇటలీ ఈశాన్య కొసన ఉన్న త్రియెస్తె నగరంలో సాన్ జొవాన్ని మానసిక ఆసుపత్రి 1908లో మొదలైంది. కొండవాలు మీద తోటలు, మధ్యలో అందమైన భవనాలు, చుట్టూ గోడ. అప్పట్లో ఆ ఊరు ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీ చేతికొచ్చింది, 1904 నాటి ఇటలీ చట్టం కూడా వెంటే వచ్చింది. తనకో ఇతరులకో ప్రమాదమనిపించినా, నలుగురిలో అల్లరి అవుతుందనుకున్నా ఆ మనిషిని లోపల పెట్టేయొచ్చు. అంతటితో అయిపోలేదు, పేరు కోర్టువారి నేర రికార్డులోకీ ఎక్కేది. 1968 దాకా అదే పద్ధతి. జబ్బు పడటమే నేరమన్నమాట.

1971లో డాక్టర్ ఫ్రాంకో బజాల్యా డైరెక్టర్‌గా వచ్చేనాటికి అక్కడ దాదాపు 1,200 మంది ఉన్నారు. ఆయన విద్యార్థి దశలోనే ఫాసిస్టులను ఎదిరించి జైలు చూసినవాడు. 1961లో, దగ్గర్లోని గొరీత్సియా ఊరి మానసిక ఆసుపత్రిలో డైరెక్టర్‌గా చేరిన తొలిరోజే, రాత్రి కట్టేసిన రోగుల జాబితా తెచ్చి సంతకం పెట్టమంటే పెట్టనన్నాడు.

రోగులను గోడ దాటించి మళ్లీ ఊళ్లోకి చేర్చాలన్నది ఆయన పట్టు. అందుకు త్రియెస్తెలో ఆయన పట్టించుకున్నవాటిలో కూలి ఒకటి. వార్డులు ఊడ్చినా, బట్టలుతికినా అప్పటిదాకా రోగులకు అది 'చికిత్స', అంటే చాకిరీ. 1972లో సహకార సంఘం పెట్టాక అదే పనికి జీతం వచ్చింది. నెల తిరిగేసరికి చేతిలో నాలుగు డబ్బులుండటం మందుబిళ్ల కంటే తక్కువ వైద్యమని మేం అనుకోం.

1973లో రోగులు, కళాకారులు కలిసి ఓ ఖాళీ వార్డులో చెక్కతో, కాగితపు గుజ్జుతో పెద్ద నీలి గుర్రాన్ని తయారుచేశారు. ఆసుపత్రి మైలబట్టల బండి లాగిన మార్కో అనే గుర్రం పేరే దీనికీ పెట్టారు. తీరా ఊరేగింపుకి బయల్దేరితే తలుపు పట్టలేదు. తలుపునే పగలగొట్టి గుర్రాన్ని బయటికి తీసుకెళ్లారు.

ఈ దారిలోనే 1978 మే 13న వచ్చిన 180వ నంబరు చట్టం ఇటలీ అంతటా కొత్త మానసిక ఆసుపత్రులు కట్టడాన్ని, పాతవాటిలో కొత్తవారిని చేర్చడాన్ని ఆపేసింది.

అంతా సాఫీగా జరగలేదు. 1968లో గొరీత్సియా నుంచి సెలవు మీద ఇంటికెళ్లిన ఒక రోగి భార్యను చంపాడు. కేసు బజాల్యా మెడకు చుట్టుకుంది, చివరికి ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. గేటుకి మళ్లీ తాళం వేయమనడానికి అలాంటి ఒక్క ఘటన చాలు. అయితే అంతకంటే గట్టి ఫిర్యాదు కుటుంబాలది. చట్టమైతే వచ్చింది గానీ, చాలా ప్రాంతాల్లో బయటి వైద్య కేంద్రాలు ఏళ్లు గడిచినా రాలేదు. బరువంతా ఇంట్లోవాళ్ల నెత్తిన పడింది. వాళ్ల కోపంలో న్యాయముంది.

త్రియెస్తెలో మాత్రం సిబ్బంది, బడ్జెట్ రోగుల వెంటే ఊళ్లోకి నడిచాయి. ఒక్కో ప్రాంతానికి ఒక్కో వైద్య కేంద్రం, 24 గంటలూ తెరిచి ఉండేలా పెట్టారు. అవసరమైతే నాలుగు రోజులు ఉండటానికి కొద్దిపాటి పడకలుంటాయి. కట్టేయడం లేదు, తలుపులకు తాళాల్లేవు. సిబ్బంది ఇళ్లకెళ్లి చూసొస్తారు. అద్దె ఇల్లు, ఉద్యోగం వెతకడంలో తోడుండటం కూడా వాళ్ల డ్యూటీయే. పాత ఆవరణలో ఇప్పుడు గులాబీ తోట ఉంది, యూనివర్సిటీ తరగతులు జరుగుతున్నాయి.

అందుకే, పెద్దాసుపత్రిని మూసేస్తామని గొప్పగా ప్రకటించే ఏ ప్రభుత్వాన్నైనా మేం అడిగేది ఒకటే. ఆ వార్డు నర్సు రేపటి నుంచి ఏ వీధిలో డ్యూటీ చేస్తారు?