పెళ్లిచూపుల ఫొటోలో చెరిగిపోతున్న చామనచాయ

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు సంబంధాలకు పంపే ఫొటోలు ఇప్పుడు కంప్యూటర్లో తయారవుతున్నాయి. అమ్మాయి ఫొటో అయితే ముందు చర్మం నునుపు చేస్తారు. మచ్చలతో పాటు చర్మం గరుకూ పోతుంది. తర్వాత వెలుగునీడలు సర్దే కర్వ్స్ అనే టూల్‌తో వెలుగు ఎత్తుతారు, చామనచాయ పిల్ల పచ్చగా తేలుతుంది. ఆపైన ఆకారాన్ని సాగదీసే లిక్విఫై అనే టూల్‌తో దవడ, నడుము లోపలికి నొక్కుతారు. వెనక ద్వారబంధం వంకర పోయిందంటే నొక్కింది అక్కడే. అబ్బాయి ఫొటోకి ఇంత పని ఉండదు, పక్కన కారుంటే చాలు. పిల్లకి రంగు చూడాలి, పిల్లాడికి ఆస్తి చూడాలి అన్న పాత లెక్కే ఇది.

ఈ లెక్కని పెంచి పోషించింది ప్రకటనలే. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది. నల్లగా ఉంటే పెళ్లి కాదు, ఉద్యోగం రాదు అన్నట్టు చూపించొద్దని ప్రకటనల మండలి ఆస్కీ 2014లోనే చెప్పింది. ప్రకటనలు మాట మార్చినా ఫోన్లలో ముఖాన్ని తెల్లగా, నునుపుగా చూపించే బ్యూటీ మోడ్ అదే పని చేస్తోంది. పైగా సెల్ఫీ ముక్కుని పెద్దది చేస్తుంది: 5 అడుగుల దూరం నుంచి తీసినదానికంటే 12 అంగుళాల నుంచి తీస్తే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టారు. పిల్లలేమో తమ ముక్కే బాగోలేదనుకుంటున్నారు.

గొడవ పెళ్లిచూపులనాడు బయటపడుతుంది. ‘ఫొటోలో ఇంకా రంగుందే’ అంటారు అబ్బాయి తరఫు పెద్దావిడ. దిద్దింది ఫొటోని, మాట పడేది పిల్ల. తర్వాతి సంబంధం వచ్చేలోపు రంగు తేలాలని మందుల షాపులో ట్యూబు కొంటారు. అందులో మొమెటాసోన్ అనే స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిసి ఉంటే అది డాక్టరు చీటీ మీద, కొన్ని వారాలే వాడాల్సిన మందు. మొదట్లో ముఖం నిజంగానే తేటపడుతుంది, అందుకే వదలరు. నెలల తరబడి రాస్తే స్టెరాయిడ్ వల్ల చర్మం పలచబడి ఎర్ర నరాలు తేలతాయి, మొటిమలు, బుగ్గల మీద నూగు వస్తాయి, ఎండలోకి వెళితే మంట. ఆపగానే ముఖం కందిపోతుంది, భయపడి మళ్లీ అదే రాస్తారు. అలా వాడుతున్నవాళ్లు ట్యూబు పట్టుకుని చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లాలి. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. ఎలా ఆపాలో వాళ్లే చెబుతారు.

ఫొటో దగ్గర అడగాల్సింది కొంచెమే. బ్యూటీ మోడ్ తీసేసి, కిటికీ వెలుగులో, 5 అడుగుల దూరం నుంచి తీయించండి. వారంలో పోయే మొటిమని తీసేయమనండి. రంగు, ముక్కు, నడుము ముట్టుకోవద్దని స్టూడియోవాళ్లకి అమ్మానాన్నలే ముందుగా చెప్పాలి, ఆ మాట పిల్ల ఎదురుగానే చెప్పాలి.