సీసాకున్న తనిఖీ చికిత్సకేదీ?

మద్యం సీసా అసలుదో నకిలీదో తేల్చుకోవడానికి మన ఆంధ్రప్రదేశ్‌లో చేతిలో ఫోన్ ఉంటే చాలు. ములకలచెరువు నకిలీ మద్యం బాగోతం రచ్చకెక్కాక 2025 అక్టోబరులో ప్రభుత్వం ఎక్సైజ్ సురక్ష యాప్‌ను తెచ్చింది. సీసాపై కోడ్‌ను స్కాన్ చేస్తే దాని పుట్టుపూర్వోత్తరాలు తెరపైకి వస్తాయి. తాగేవాడి ప్రాణానికి ఆ మాత్రం పూచీ ఉండాల్సిందే. మరి తాగుడు మానాలనుకునేవాడి ప్రాణానికి పూచీ ఎవరిది? విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ భార్యో, గుంటూరు మిర్చి యార్డులో హమాలీ కూతురో అదే ఫోన్‌లో ‘మందు మాన్పించడం ఎలా’ అని వెతికితే ఎదురయ్యేది ప్రకటనల సంత. అన్నంలో కలిపే పొడి, వారంలో గ్యారంటీ, ఇంటికే వచ్చి పెట్టే సెలైన్, మనిషిని ఎత్తుకెళ్లే వ్యాన్! వీటి వెనక ఉన్నది డాక్టరో దళారో చెప్పే కోడ్ ఒక్కటీ లేదు. సీసాకు ఉన్న తనిఖీ చికిత్సకు లేకపోవడం పొరపాటు కాదు, పట్టనితనం.

2024 అక్టోబరు 16 నుంచి అమల్లోకి వచ్చిన మద్యం విధానం పాఠకులకు తెలిసిందే. 3,396 దుకాణాలు, రూ.99కే క్వార్టర్, ఉదయం 10 నుంచి రాత్రి 10 దాకా అమ్మకాలు. అమ్మడానికి ఇంత పక్కా లెక్క ఉంది. మాన్పించే లెక్కకొస్తే, కేంద్ర సామాజిక న్యాయశాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లోనే బయటపెట్టింది: మద్యానికి పూర్తిగా లోబడిపోయిన ప్రతి 38 మందిలో ఏదో ఒక చికిత్స అందుతున్నది ఒక్కరికే. మిగతా 37 మంది ఇళ్లవాళ్లే ఈ ప్రకటనలకు గిరాకీ.

ముందు పొడి సంగతి. పప్పులోనో మజ్జిగలోనో తెలియకుండా కలిపి పెట్టండి, మందంటేనే అసహ్యం పుడుతుంది అంటారు. అందులో ఏముందో పొట్లం మీద రాయరు. ఉత్త ఆకుపొడి అయితే పోయేది డబ్బు. డైసల్ఫిరామ్ లాంటి మందు కలిసి ఉంటే పోయేది ప్రాణం. మద్యం కాలేయంలో మొదట అసిటాల్డిహైడ్‌గా, ఆ తర్వాత ఎసిటిక్ ఆమ్లంగా మారాలి. ఈ మందు రెండో మార్పును అడ్డుకుంటుంది. అసిటాల్డిహైడ్ ఒంట్లో పేరుకుపోయి మొహం ఎర్రబారుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉన్న మనిషి ఆ రాత్రి గట్టెక్కకపోవచ్చు. అందుకే మానసిక వైద్యులు దీన్ని రోగికి చెప్పి, ఒప్పించి, చివరి చుక్క తాగి కనీసం 12 గంటలు దాటాకే మొదలుపెడతారు. సాధారణంగా రోజుకు 250 మిల్లీగ్రాములు, మధ్యమధ్య కాలేయ పరీక్షలు. మాత్ర ఆపేసినా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండవచ్చు, ఆల్కహాల్ కలిసిన దగ్గుమందు తాగినా తిరగబెట్టవచ్చు. తెలియకుండా కలపడమంటే ఆ మనిషికి ఈ జాగ్రత్తలేవీ తెలియనివ్వకపోవడమే. తల్లి చేత, భార్య చేత ఈ పని చేయిస్తున్న వ్యాపారి మాత్రం ఫోన్ నంబరు మార్చేసి తప్పించుకుంటాడు.

అంతకన్నా పెద్ద ప్రమాదం ‘ఈ రోజే పూర్తిగా మానేయండి’ అని ఊదరగొట్టే వీడియోలు. రోజూ, ఏళ్ల తరబడి, ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 24 గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేనివి కనిపిస్తాయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, కన్నబిడ్డను గుర్తుపట్టరు, ఒళ్లు కాలిపోతుంది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించడానికి పరుగెడతారు. ఇది 108కు ఫోన్ చేయాల్సిన ఘడియ. వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు.

ఈ దశకు ఆసుపత్రిలో పద్ధతి ఉంది. క్లోర్‌డయాజిపాక్సైడో డయాజిపామో అనే శాంతపరిచే మందు ఇచ్చి వారం రోజుల్లో మోతాదు తగ్గించుకుంటూ వస్తారు. కాలేయం దెబ్బతిన్నవారికి లోరాజిపామ్ వాడతారు. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్, అంటే బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఇంటికొచ్చి సెలైన్ పెట్టే బేరగాళ్లు వదిలేసేది సరిగ్గా దీన్నే. తిండి మానేసి తాగిన ఒంట్లో బీ1 నిల్వలు ఉండవు. ఆ ఒంట్లోకి నేరుగా గ్లూకోజ్ పంపితే మెదడు దెబ్బతిని చూపు తడబడటం, నడక తూలడం, జ్ఞాపకం పోవడం జరగవచ్చు. ఇక వాట్సాప్‌లో చీటీ రాసి నిద్రమాత్రలు పంపిస్తామనేవారి మాట. ఆ మాత్రల్లో చాలావరకు మాదకద్రవ్యాల చట్టం జాబితాలోనివే. ఆ జాబితాలోని మందుల్ని ఫోన్ సంప్రదింపుల మీద రాయకూడదని 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. చీటీ మీద, రసీదు మీద డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు వేయాలని కూడా అవే చెబుతున్నాయి. నంబరు లేని చీటీ చెల్లదు, చించెయ్యండి.

వ్యాన్ పంపే కేంద్రాల దగ్గరికి వద్దాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల తలెత్తే మానసిక స్థితిని మానసిక వ్యాధుల్లోనే చేర్చింది. కాబట్టి అలాంటివారిని చేర్చుకుని చికిత్స చేసే కేంద్రం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు కావాలి. ఇష్టపడి చేరిన మనిషి వెళ్లిపోతానంటే పంపాలి. పరీక్షించడానికి ఆపినా 24 గంటలకు మించకూడదు. ఇష్టం లేకుండా చేర్చాలంటే రోగి తరఫు ప్రతినిధి దరఖాస్తు చేయాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరు మానసిక వైద్యులై ఉండాలి. అలా చేర్చినా మొదటి గడువు 30 రోజులే. గొలుసులు వేయడం ఏ రూపంలోనూ కుదరదు. మరి ‘మూడు నెలల ప్యాకేజీ, మొదటి నెల ఫోన్ ఇవ్వం, కుటుంబం చూడటానికి రాకూడదు’ అని బాహాటంగా ప్రకటించుకునేవాళ్లు ఏ చట్టం కింద నడుస్తున్నట్టు? నమోదు లేకుండా నడిపితే మొదటి తప్పుకు జరిమానా రూ.5 వేల నుంచి రూ.50 వేలు. ఒక్క రోగి నుంచి గుంజే సొమ్ముతో కట్టేయగలిగిన జరిమానా అది. ఆ కాస్తయినా ఎందరి మీద వేశారో అధికారులు చెప్పాలి. నకిలీ సీసా దొరికితే దుకాణం మూయిస్తారే, నకిలీ కేంద్రం దొరికితే కళ్లెందుకు మూసుకుంటారు?

ఆన్‌లైన్ సాయమే లేకుంటే మారుమూల ఊళ్లవారికి దిక్కెవరన్న వాదన ఉంది. కాదనడం లేదు. అసలైన సాయం ఉండి కూడా నకిలీ ప్రకటనల కింద కనపడకుండా పోతోందన్నదే మా బాధ. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మాదకద్రవ్యాలు, మద్యం మాన్పించడానికే ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14446. ఫోన్ చేసేముందు నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోవాలి: రోజుకు ఎంత తాగుతారు, ఎన్నేళ్లుగా, చివరిసారి ఎప్పుడు తాగారు, గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా. ఇంట్లో ఉండి మానవచ్చా, విజయవాడ లేదా గుంటూరు పెద్దాసుపత్రి మానసిక విభాగానికి వెళ్లాలా అన్నది ప్రధానంగా తేలేది వీటి మీదే. పరిస్థితి ఎంత ముదిరిందో తెలియకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ ప్రశ్నావళి ఉంది. పది ప్రశ్నలు, 40 మార్కులు. 8 లేదా అంతకు మించి వస్తే జాగ్రత్తపడాలి, 20 లేదా అంతకు మించి వస్తే నిపుణుల దగ్గరికి వెళ్లాలి.

మానాక నిలబడటానికి తోడు కావాలి. 1935లో అమెరికాలో పుట్టి, 1957 నుంచి మన దేశంలో నడుస్తున్న ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ), అంటే తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుండే సంఘం, కరోనా కాలం నుంచి ఆన్‌లైన్‌లోనూ విరివిగా సమావేశాలు పెడుతోంది. ఇంటిపేరు చెప్పనక్కర్లేదు, కెమెరా ఆపేసి కూర్చుని వినవచ్చు, తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. క్లోజ్డ్ సమావేశాలు తాగుడు సమస్య ఉన్నవారికే, ఓపెన్ వాటికి ఎవరైనా రావచ్చు. కుటుంబాలకు అల్-అనాన్ వేరుగా ఉంది. రుసుము అడిగారంటే అది ఏఏ కాదు, ఫోన్ పెట్టేయండి. అయితే ఏ సమావేశమూ ఫిట్స్‌ను ఆపలేదు. వణుకు ఉన్న మనిషి ముందు ఆసుపత్రికి, ఆ తర్వాత సమావేశానికి. ఈ వరస తిరగబడినప్పుడే ప్రాణాల మీదికి వస్తోంది. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మాత్రలు మళ్లీ తాగాలన్న ఆరాటాన్ని తగ్గిస్తాయి. మొదటిదానికి కాలేయం, రెండోదానికి కిడ్నీ పరీక్ష తప్పనిసరి. ఒకసారి ఆసుపత్రిలో చూపించుకున్నాక ఈ మందుల కొనసాగింపు వీడియో కాల్‌లోనూ సాగుతుంది. మనిషి ఎక్కువగా జారిపడే తొలి నెలల్లో, కూలి పోగొట్టుకుని గుంటూరు దాకా రాలేని పల్నాడు రైతుకు ఇది పెద్ద ఆసరా.

ఇందులో ప్రభుత్వం కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. నమోదైన కేంద్రాల జాబితాను తెలుగులో, చిరునామాతో, డాక్టరు పేరుతో, నమోదు గడువుతో సహా ఫోన్‌లో తేలిగ్గా దొరికేలా పెట్టాలి. ప్రతి కేంద్రం గుమ్మం మీద, ప్రతి ప్రకటనలో నమోదు నంబరు కోడ్ రూపంలో ఉండాలి. అది లేని ప్రకటన మీద పోలీసులు కేసు పెట్టాలి. మద్యం ఆదాయం లేకుంటే పథకాలు నడవవని చెప్పే పాలకులు ఆ ఆదాయం తెచ్చే 3,396 కౌంటర్ల మీద 14416 అని పెద్ద అక్షరాలతో రాయించడానికి ఎందుకు వెనకాడుతున్నారు? డబ్బా రంగు, ఒక కుంచె చాలు. సీసాను కాపాడటానికి రోజుల్లో యాప్ తెచ్చిన యంత్రాంగం మనిషిని కాపాడటానికి ఆ రంగు కూడా పూయించలేకపోతే, పప్పులో పొడి కలుపుతున్న తల్లిని అజ్ఞాని అనే హక్కు ఏ మంత్రికీ, ఏ కలెక్టరుకూ లేదు.