నోట్లో టై కట్టుకు పుట్టిన తరం

విశాఖలో ఈ మధ్య పుడుతున్న ప్రతి బిడ్డకూ నాలుక కింద ఒక టై (అంటే కదలనీయకుండా కట్టి ఉంచే సన్నటి పొర), పై పెదవి లోపల ఒక టై, బుగ్గల్లో చెరో టై ఉంటున్నట్టు తేలడంతో నగరం తీవ్ర ఆందోళనలో ఉంది. ఆందోళన పడనివాళ్ల కోసం ఆదివారం పొద్దున అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఉచిత శిబిరాలు పెడుతున్నారు. ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా ఏ బ్లాకులో చంటిబిడ్డ ఏడుపు వినిపించినా, సాయంత్రానికల్లా ఆ బ్లాకు వాట్సాప్ గ్రూపులో కరపత్రం పడుతుంది. టై కోసేస్తాం: నొప్పి లేదు, రక్తం లేదు, లేజర్ ఉంది. ఈఎంఐ కూడా ఉంది.

శిబిరంలో ముందు ఒక ప్రశ్నాపత్రం చేతిలో పెడతారు. పాలు కక్కుతాడా? రాత్రిపూట లేస్తాడా? కడుపులో గ్యాస్ ఉందా? నోరు తెరిచి పడుకుంటాడా? ఒక్కోసారి ఊరికే చిరాకు పడతాడా? అయిదింట్లో మూడు అవునైతే టై ఉన్నట్టే. ఈ పత్రం ఎంత శాస్త్రీయమో తెలియాలంటే కుర్చీలు వేయడానికొచ్చిన వాచ్‌మన్ సంగతి చూడండి. రాత్రిపూట లేస్తాడు, ఉద్యోగమే అది. గ్యాస్ ఉంది. నోరు తెరిచే పడుకుంటాడు. చిరాకు సంగతి మెయింటెనెన్స్ కట్టని ఫ్లాట్లవాళ్లని అడగాలి. పాలు కక్కడు, టీయే తాగుతాడు కాబట్టి. అయిదుకి నాలుగు! అరవై దాటిన ఈ బిడ్డకి ఇన్నేళ్లూ వైద్యం అందలేదంటే వ్యవస్థ ఎంత దిగజారిందో అర్థమవుతుంది.

తర్వాత పరీక్ష. ఫోన్ టార్చి, గ్లవ్ తొడిగిన చూపుడువేలు, పది అంకెలు లెక్కపెట్టేంత సమయం. బిడ్డతో వచ్చిన మామ్మ ఊరుకోదు కదా.

"ఏటి బాబూ, గుంటడికి నాలిక అతుక్కుపోనాదేటి?"

"కొంచెం ఉందమ్మా. పెదవికీ ఉంది. బుగ్గలకి కూడా ఉన్నట్టుంది."

"మరి పాలు బాగానే తాగతన్నాడు. బరువూ పెరిగినాడు."

"అదేనమ్మా ప్రమాదం. ఇప్పుడంతా బాగానే ఉన్నట్టుంటుంది."

పొర కంటికి కనబడితే అది ముందు టై. కనబడకపోతే వెనక టై, అది ఇంకా మొండిది, వేలికే తెలుస్తుంది, అదీ ఆ ఒక్క వేలికే. ఈ రెంటిలో ఏదో ఒకటి లేని నోరు మనిషి జాతిలో లేదు. డాల్ఫిన్ నోస్ కొండ కూడా ఇన్ని యుగాలుగా సముద్రంలోకి పూర్తిగా చాచలేకపోతోంది. పోర్టువాళ్లు ఒకసారి చూపించుకుంటే మంచిది.

ఆ సెల్లార్లో టార్చి ఉంది, బ్యానరుంది, కార్డు గీకే మెషినుంది. బరువు చూసే తూకం మాత్రం లేదు. తల్లి కూచుని పాలివ్వడానికి చాటున ఒక కుర్చీ లేదు. బిడ్డ పాలు తాగుతుంటే చూసిన నాథుడు లేడు. టై వల్ల పాలకి ఇబ్బంది అని కదా మొత్తం కథ? ఆస్పత్రిలో కాన్పయిన బిడ్డ ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా కార్యకర్త తూకం భుజానేసుకుని వస్తుంది. రెండు వారాలకల్లా పుట్టిన బరువు తిరిగి వచ్చిందా, ఆ పైన రోజుకి 20 నుంచి 30 గ్రాములు పెరుగుతున్నాడా, మొదటి వారం దాటాక రోజుకి ఆరుసార్లయినా ఉచ్చ పోస్తున్నాడా అని అడుగుతుంది. బరువు పెరుగుతూ, తల్లికి నొప్పి లేకుండా పాలు నడుస్తుంటే నాలుక కింద పొర కాదు, పరదా ఉన్నా దాని జోలికి పోనక్కర్లేదు. పొర కనిపించే బిడ్డల్లో సగం మందికి కూడా పాలు తాగడంలో ఇబ్బంది ఉండదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2024లో రాసింది. వాళ్లకి ఈ జ్ఞానం ఊరికే రాలేదు. అక్కడి ఆస్పత్రుల లెక్కల్లో 1997లో 3,934 మంది బిడ్డలకి నాలుక టై అని రాస్తే, 2012లో 32,837 మందికి రాశారు. పదిహేనేళ్లలో ఒక దేశం నాలుకలన్నీ కట్టగట్టుకుని పొట్టివైపోయాయని నమ్మేవాళ్లు తర్వాతి పేరా వదిలేయొచ్చు.

పెదవి టై. అద్దం ముందు నిలబడి మీ పై పెదవి ఎత్తి చూడండి. మధ్యలో చిగురుకి అంటుకుని ఒక మడత ఉంది కదా? కంగ్రాట్స్, మీకూ ఉంది. అప్పుడే పుట్టిన ప్రతి బిడ్డకీ ఉంటుంది, చాలామందికి చిగురు అంచుకి దగ్గర్లోనే ఉంటుంది. దవడ ఎదిగే కొద్దీ అది పైకి జరుగుతుంది. పాలు తాగడానికి పై పెదవి చేపలా బయటికి తిరిగి తీరాలని లేదు, రొమ్ముకి ఆనితే చాలు. ఇక "ముందుపళ్ల మధ్య సందు వస్తుందండీ" అన్న బెదిరింపు. పాలపళ్లలో సందులుండటం మంచిదే, పెద్దపళ్లకి చోటు అక్కడిదే. పెద్ద ముందుపళ్ల మధ్య సందు కూడా చాలామందికి 11, 12 ఏళ్లప్పుడు కోరపళ్లు దిగాక దానంతటదే మూసుకుంటుంది. అప్పటికీ మిగిలితే క్లిప్పులు పెట్టి సందు మూశాక మడత సంగతి చూస్తారు. ముందే కోస్తే మచ్చకట్టి అదే సందుని పట్టి ఉంచొచ్చు. బుగ్గల టై కోయనే కోయొద్దని అమెరికా ఈఎన్‌టీ నిపుణులు 2020లో ఏకాభిప్రాయంతో చెప్పారు. మన శిబిరంలో అది ప్యాకేజీతో ఉచితం.

నిజంగా కోయాల్సిన బిడ్డలుంటారు. ఏడ్చినప్పుడు నాలుక కొన హృదయాకారంలో మధ్యకి లాగుకుపోతుంది, కింది చిగురు దాటదు. రొమ్ము పట్టు నిలవదు, టక్ టక్‌మని జారిపోతుంటుంది. తాగి వదిలాక చనుమొన ఏటవాలుగా నొక్కుకుపోయి ఉంటుంది. ముందు ఎత్తుకునే తీరూ పట్టూ సరిచేసి చూస్తారు, అప్పటికీ నొప్పి తగ్గకపోతే కోస్తారు. దానికి కావలసింది ఏ ప్రభుత్వాసుపత్రి ట్రేలోనైనా దొరికే గ్రూవ్డ్ డైరెక్టర్ అనే స్టీలు పనిముట్టు. దాని ఒక చివర వెడల్పు రేకు, ఆ రేకులో చీలిక. చీలికలోకి పొరని దూర్చి నాలుక పైకెత్తుతారు. మొండికొన కత్తెరతో, పలుచగా వెలుతురు పారే చోట, నడిగీతలో చిన్న కోత. లోతుకి పోరు, ఎందుకంటే కింద లాలాజల గొట్టాల నోళ్లుంటాయి, పక్కన సిరలుంటాయి. కోసే ముందు పుట్టినప్పుడు విటమిన్ కె సూది పడిందా, ఇంట్లో ఎవరికైనా రక్తం ఆగని జబ్బుందా అని అడగాలి. ఒకటి రెండు చుక్కల రక్తం వస్తుంది, శుభ్రమైన పలుచటి గుడ్డతో నొక్కి పట్టుకుని వెంటనే రొమ్ముకి వేస్తారు. మర్నాడు అక్కడ తెల్లటి మచ్చ కనిపిస్తుంది, చీము కాదు, మానుతున్న పుండు. ఇంత చిన్న పనికి లేజర్ మెరుగన్న ఆధారం లేదు. కాకపోతే కత్తెరకి బిడ్డ కళ్లకి చిట్టి గాగుల్స్ పెట్టక్కర్లేదు, కాబట్టి రీల్ అంత ముద్దుగా రాదు.

రీల్‌లో చూపించనిది తర్వాతి మూడు నాలుగు వారాలు. అతుక్కోకుండా రోజుకి నాలుగైదారుసార్లు ఆ పచ్చిపుండు మీద వేలేసి సాగదీయమని తల్లికి అప్పగిస్తారు. అలా చేస్తే మేలని తేల్చిన రుజువు లేదు. కొందరు బిడ్డలు నోటి దగ్గరికి ఏదొచ్చినా మొహం తిప్పేయడం నేర్చుకుంటారు, రొమ్ముతో సహా. పాలు తాగించడానికని మొదలైన వైద్యం ఇది! ఇక రెండోవైపు పెద్దమనుషులున్నారు. పగిలిన చనుమొనలతో పళ్లు బిగబట్టి పాలిస్తున్న బాలింతని "మొదట్లో అందరికీ ఉండేదేనమ్మా" అని, బిడ్డ నోట్లోకి ఒక్కసారి తొంగి చూడకుండా, డబ్బాపాల చీటీ చేతిలో పెట్టి పంపేస్తారు. అక్కర్లేనివాళ్లకి మూడు కోతలు, కావలసినవాళ్లకి ఒక్కటీ లేదు.

వీటన్నిటినీ ఎలాగో భరించొచ్చు. "రెండేళ్లొచ్చినా మాటలు రాలేదంటే నాలుకే కారణం" అన్నప్పుడు మాత్రం నవ్వు రాదు. అమ్మ, మామ, పాప, బాబు. ఏదైనా నాలుక కదపకుండా పెదాలతో అనేయొచ్చు. నాలుక నిజంగా పట్టేస్తే తేడా వచ్చేది ల, ర, ట, డ, ళ లాంటి అక్షరాల స్పష్టతలో. మాటే మొదలవకపోవడంలో కాదు. మూడేళ్లవాడు "రా" అనబోయి "లా" అనడం జబ్బూ కాదు. వెనకటికి మాటలు రావాలని వసకొమ్ము అరగదీసి నాకించేవారు. అదీ చేయకూడనిదే, కానీ వసకొమ్ముకి మత్తు ఇవ్వక్కర్లేదు. రెండేళ్ల పిల్లాడికి నాలుక కోయాలంటే మామూలుగా పూర్తి మత్తు ఇవ్వాలి. ఇచ్చి, కోసి, "ఆర్నెల్లు ఆగండి, మాటలు వరదలా వస్తాయి" అంటారు. ఆ ఆర్నెల్లు ఎవరివి? వినపడని పిల్లాడివి. చెవుడుందేమో మొదటి నెలలోనే పరీక్షించాలి, మూడో నెలకి నిర్ధారించాలి, ఆరో నెలకి వినికిడి మిషనో థెరపీయో మొదలవ్వాలి. అప్పటికే రెండేళ్లు పోయాయి. పైన ఆర్నెల్లు దొబ్బేశారు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడని పిల్లాడి నోట్లోకి టార్చి కొట్టినవాణ్ణి ఏమనాలో ఈ కాలమ్‌లో రాయడానికి వీల్లేదు.

మాట ఆలస్యమైతే ముందు చెవి. పెదవాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది, కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్)లో పిల్లల విభాగం ఉంది. ఓఏఈ అనే వినికిడి పరీక్ష అంటే చెవిలో చిన్న ప్రోబ్ పెట్టడం, కొద్ది నిమిషాల పని, బిడ్డ నిద్రపోతుంటే ఇంకా మంచిది. అందులో తేడా వస్తే బెరా అనే ఇంకో వినికిడి పరీక్ష చేస్తారు. చెవి బాగుంటే స్పీచ్ థెరపిస్టూ, ఎదుగుదల చూసే డాక్టరూ. ఈ మొత్తంలో నోరు తెరవాల్సిన పని ఎవరికీ లేదు, బిడ్డకీ, పక్కింటి సలహాదారుకీ.